రుతువు మొదలయ్యే క్షణం ఒక్కటే, తేదీలే వేరు

క్లుప్తంగా: విషువత్తులు (పగలు, రాత్రి దాదాపు సమానమయ్యే వేళలు), అయనాంతాలు (పగలు అతి ఎక్కువ, అతి తక్కువ అయ్యే వేళలు) భూమి మొత్తానికీ ఒకే క్షణంలో జరుగుతాయి. ఆ క్షణానికి గడియారం ఏ తేదీ చూపిస్తుందో టైమ్‌జోన్ నిర్ణయిస్తుంది. ఆ క్షణంతో మొదలయ్యేది వేసవా, శీతాకాలమా అన్నది అర్ధగోళాన్ని బట్టి ఉంటుంది. అసలు ఆ క్షణాన్నే రుతువుకు ఆరంభంగా తీసుకోవాలా, నెల మొదటి తేదీనా, వానల రాకనా అన్నది ఆయా దేశాలు, సంప్రదాయాలు ఎంచుకున్న పద్ధతి. ఈ మూడు విషయాలనూ ఒకటిగా కలిపేయడం వల్లే ఏటా గందరగోళం తలెత్తుతోంది.

2025 జూన్ 20 రాత్రి 10 గంటల 42 నిమిషాలకు న్యూయార్క్‌లో వేసవి మొదలైందని అమెరికా క్యాలెండర్లు చెప్పాయి. ఆ క్షణానికి హైదరాబాద్‌లో జూన్ 21 ఉదయం 8 గంటల 12 నిమిషాలు. నైరుతి రుతుపవనాలు మే నెలాఖరుకే తెలుగు నేలను తాకాయి కనుక ఇక్కడ ఎండాకాలం ఊసు అప్పటికే ముగిసింది. మెల్‌బోర్న్‌లో జూన్ 21 మధ్యాహ్నం 12 గంటల 42 నిమిషాలు, నడి చలికాలం. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ లెక్కలో ఆ చలికాలం జూన్ 1నే మొదలైంది.

పిల్లల్లో ఒకరు డాలస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో, తల్లిదండ్రులు గుంటూరులో ఉన్న కుటుంబాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. 'ఇవాళ్టి నుంచి వేసవి' అన్న సందేశం ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు చేరేసరికి తేదీ తప్పుతుంది, రుతువూ తప్పుతుంది. ఏది ఎందుకు మారుతుందో విడివిడిగా చూస్తే చిక్కు విడిపోతుంది.

## అది రోజు కాదు, క్షణం

భూమి అక్షం దాని కక్ష్యాతలానికి నిటారుగా లేదు. 23.44 డిగ్రీలు వాలి ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఆ అక్షం ఆకాశంలో ఒకే దిక్కుకు చూస్తూ ఉంటుంది. అందువల్ల ఏడాదిలో సగం కాలం ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు ఒరుగుతుంది, మిగతా సగం దక్షిణార్ధగోళం ఒరుగుతుంది. రుతువులకు మూలం ఇదే.

భూమి నుంచి చూస్తే సూర్యుడు నక్షత్రాల నేపథ్యంలో ఏడాదికి 360 డిగ్రీల చుట్టు పూర్తి చేసినట్టు కనిపిస్తాడు. ఈ దారినే క్రాంతివృత్తం అంటారు. ఖగోళ మధ్యరేఖను, అంటే భూమధ్యరేఖను ఆకాశంలోకి పొడిగించి ఊహించే గీతను, సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే బిందువును సున్నా డిగ్రీలుగా లెక్కిస్తారు. అదే మార్చి విషువత్తు. 90 డిగ్రీల దగ్గర జూన్ అయనాంతం, 180 దగ్గర సెప్టెంబరు విషువత్తు, 270 దగ్గర డిసెంబరు అయనాంతం.

ఈ లెక్కలో సూర్యుడి కేంద్రం, భూమి కేంద్రం మాత్రమే ఉన్నాయి. ఏ ఊరి సూర్యోదయానికీ, ఏ ఊరి మధ్యాహ్నానికీ ఇందులో చోటు లేదు. అందుకే విషువత్తు ఒక ఊళ్లో అర్ధరాత్రి వేళ జరగవచ్చు, ఇంకో ఊళ్లో భోజనాల వేళ జరగవచ్చు. 'ఇవాళ విషువత్తు రోజు' అనడం వాడుకలో ఉన్న సౌలభ్యం మాత్రమే. జరిగేది ఒక్క క్షణం, ఆ రోజుకు మిగిలిన గంటలతో సంబంధం లేదు.

## గడియారం చేసే పని

ఖగోళ పట్టికలన్నీ ఈ క్షణాన్ని సార్వత్రిక సమయంలో, అంటే యూటీసీలో ఇస్తాయి. భారత ప్రామాణిక సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి యూటీసీలో సాయంత్రం 6.30 దాటాక జరిగే ఏ సంఘటనైనా మన దగ్గర మరుసటి తేదీకి వెళ్లిపోతుంది. భారతీయ పాఠకుడు గుర్తుంచుకోవలసిన గీత ఇదే.

2025 సెప్టెంబరు విషువత్తు ఈ గీతకు సరిగ్గా ఇవతల పడింది. యూటీసీ ప్రకారం సెప్టెంబరు 22 సాయంత్రం 6 గంటల 19 నిమిషాలు. మన గడియారంలో అదే రోజు రాత్రి 11.49. అర్ధరాత్రికి పదకొండు నిమిషాలే తక్కువ. నేపాల్ సమయం మనకన్నా 15 నిమిషాలు ముందు. బిహార్‌లోని రక్సౌల్‌లో 22వ తేదీ ఇంకా ముగియలేదు, సరిహద్దుకు అవతల పక్కనే ఉన్న బీర్‌గంజ్‌లో మాత్రం 23వ తేదీ మొదలై నాలుగు నిమిషాలైంది. రెండు పట్టణాల మీదా ఆకాశం ఒకటే, చలి, ఎండ ఒకటే. క్యాలెండర్ మీద రుతువు మొదలైన తేదీలు వేరు.

భారతదేశంలోనూ ఇప్పుడున్న ఒకే సమయం మొదటి నుంచీ లేదు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా ప్రామాణిక సమయం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చినా, కలకత్తా 1948 వరకు తన సొంత సమయాన్నే పాటించింది. అది యూటీసీకి దాదాపు 5 గంటల 53 నిమిషాలు ముందు. ఆ సమయమే నేటికీ ఉండి ఉంటే 2025 సెప్టెంబరు విషువత్తు కోల్‌కతాలో 23వ తేదీన, విజయవాడలో 22న వచ్చినట్టు లెక్క. టైమ్‌జోన్ పరిపాలనా సౌలభ్యం కోసం మనుషులు గీసుకున్న గీత. రుతువును అది కదిలించలేదు, దాని మీద అంటించే తేదీ చీటీనే మారుస్తుంది.

ఒక్కోసారి రెండు కాదు, మూడు తేదీలు కూడా వస్తాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ముందుండే గడియారం పసిఫిక్‌లోని కిరిటిమాటి దీవిది, యూటీసీకి 14 గంటలు ముందు. అమెరికన్ సమోవా 11 గంటలు వెనక. రెండింటి మధ్య తేడా 25 గంటలు, అంటే ఒక రోజుకన్నా ఎక్కువ. 2020 డిసెంబరు అయనాంతం యూటీసీలో డిసెంబరు 21 ఉదయం 10.02కు జరిగింది. అమెరికన్ సమోవాలో అది 20వ తేదీ రాత్రి 11.02, భారత్‌లో 21వ తేదీ మధ్యాహ్నం 3.32, కిరిటిమాటిలో 22వ తేదీ అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలు.

2026కు నాలుగు క్షణాలూ మూడు నగరాల గడియారాల్లో ఇలా పడతాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో వేసవి సమయం (గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) అమల్లో ఉన్న నెలల్లో ఆ అదనపు గంటను కలిపే లెక్కించాం. సెకన్ల సవరింపు వల్ల వేర్వేరు పట్టికల్లో ఒక నిమిషం అటూ ఇటూ కనిపించవచ్చు.

| సంఘటన | హైదరాబాద్ | న్యూయార్క్ | సిడ్నీ |
|---|---|---|---|
| మార్చి విషువత్తు | 20, రాత్రి 8.16 | 20, ఉదయం 10.46 | 21, తెల్లవారుజాము 1.46 |
| జూన్ అయనాంతం | 21, మధ్యాహ్నం 1.54 | 21, తెల్లవారుజాము 4.24 | 21, సాయంత్రం 6.24 |
| సెప్టెంబరు విషువత్తు | 23, ఉదయం 5.35 | 22, రాత్రి 8.05 | 23, ఉదయం 10.05 |
| డిసెంబరు అయనాంతం | 22, తెల్లవారుజాము 2.20 | 21, మధ్యాహ్నం 3.50 | 22, ఉదయం 7.50 |

నాలుగింటిలో జూన్ ఒక్కటే మూడు నగరాల్లోనూ ఒకే తేదీన వస్తోంది.

## ఏటేటా తేదీ ఎందుకు జరుగుతుంది?

టైమ్‌జోన్ సంగతి తేలాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. పాఠ్యపుస్తకంలో మార్చి 21 అని చదువుకున్నది ఇప్పుడు 20 ఎలా అయింది?

ఒక విషువత్తు నుంచి తిరిగి అదే విషువత్తుకు సగటున 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు పడుతుంది. క్యాలెండర్ ఏడాది 365 రోజులే కనుక ఆ క్షణం ప్రతి ఏడాదీ దాదాపు ఆరు గంటలు ఆలస్యంగా వస్తుంది. నాలుగో ఏట ఫిబ్రవరి 29 చేరగానే ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. భారత కాలమానంలో చూడండి: 2024లో మార్చి 20 ఉదయం 8.36, 2025లో 20 మధ్యాహ్నం 2.31, 2026లో 20 రాత్రి 8.16, 2027లో 21 తెల్లవారుజాము 1.55. 2028 లీపు సంవత్సరం కనుక మళ్లీ మార్చి 20 ఉదయం 7.47కు వచ్చేస్తుంది. వీటి మధ్య తేడా ఒక్కోసారి 5 గంటల 55 నిమిషాలు, ఒక్కోసారి 5 గంటల 39 నిమిషాలు ఉండడానికి కారణం చంద్రుడు, ఇతర గ్రహాల ఆకర్షణ భూమి గమనాన్ని కొద్దికొద్దిగా కదిలించడమే.

పై వరుసలో 2027ను గమనించాలి. యూటీసీ ప్రకారం 2007 తర్వాత ఇంతవరకు మార్చి విషువత్తు 21వ తేదీన రాలేదు, వచ్చే శతాబ్దం దాకా రాదు కూడా. భారత్‌లో మాత్రం 2011, 2015, 2019, 2023ల్లో 21నే వచ్చింది, 2027లోనూ అదే. కాబట్టి విదేశీ వెబ్‌సైట్ చూసి 'ఈ శతాబ్దంలో ఇక మార్చి 21 లేదు' అని తెలుగులో రాసేస్తే తప్పు. ఆ వాక్యం గ్రీనిచ్ గడియారానికే, అంటే యూటీసీకే వర్తిస్తుంది.

నాలుగేళ్లకోసారి కలిపే రోజు అవసరానికన్నా కాస్త ఎక్కువ. 5 గంటల 49 నిమిషాలను నాలుగుతో హెచ్చవేస్తే 23 గంటల 16 నిమిషాలే, మనం కలుపుతున్నది 24 గంటలు. అందువల్ల నాలుగేళ్ల చక్రానికి ముప్పావు గంట చొప్పున విషువత్తు వెనక్కి జరుగుతూ వస్తోంది. 2044లో యూటీసీ ప్రకారం అది మార్చి 19నే వచ్చేస్తుంది, మన దగ్గర మార్చి 20 తెల్లవారుజామున. 2100లో లీపు రోజు వదిలేయడంతో ఈ జరుగుబాటు చాలావరకు సర్దుకుంటుంది. 1582లో వచ్చిన గ్రెగోరియన్ సవరణ 400 ఏళ్లకు 97 లీపు రోజులే ఉంచింది ఇందుకే.

## అర్ధగోళం మార్చేది పేరునే

టైమ్‌జోన్ తేదీని మారిస్తే, అర్ధగోళం ఆ క్షణానికి పెట్టే పేరును తిరగేస్తుంది. మార్చిలో ఉత్తరాన వసంతం, దక్షిణాన శరత్తు. డిసెంబరులో లండన్‌కు శీతాకాలం, కేప్‌టౌన్‌కు వేసవి. భారత్ మొత్తం భూమధ్యరేఖకు ఉత్తరానే ఉంది కనుక మనకు ఈ తికమక ఇంట్లో ఎదురుకాదు. దక్షిణార్ధగోళానికి వలస వెళ్లినవారికే ఎదురవుతుంది. అందుకే ఖగోళ శాస్త్రజ్ఞులు 'వసంత విషువత్తు' అనడం తగ్గించి 'మార్చి విషువత్తు' అంటారు. ఆ పేరు రెండు అర్ధగోళాల్లోనూ నిజం.

అయితే అర్ధగోళాల తేడా పేరు దగ్గరే ఆగదు, రుతువుల నిడివి కూడా వేరు. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా, దాదాపు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదటి వారంలో ఆ దూరం 15.21 కోట్ల కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా కదులుతుంది. కాబట్టి డిసెంబరు అయనాంతం నుంచి మార్చి విషువత్తు దాకా పట్టేది సుమారు 89 రోజులే. జూన్ అయనాంతం నుంచి సెప్టెంబరు విషువత్తుకు 93.7 రోజులు పడుతుంది. ఉత్తరార్ధగోళపు ఖగోళ వేసవి దక్షిణార్ధగోళపు వేసవికన్నా నాలుగున్నర రోజులకు పైగా ఎక్కువ.

సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలి అన్న అపోహకు ఇదే సమాధానం. మనకు చలి ఎక్కువగా ఉండే జనవరిలోనే భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. భూమి మొత్తానికి అందే సూర్యరశ్మి జులైకన్నా జనవరిలో దాదాపు 7 శాతం ఎక్కువ. అప్పుడు వేసవిలో ఉన్న దక్షిణార్ధగోళం అంతగా మండిపోకపోవడానికి కారణం అక్కడ ఉపరితలంలో దాదాపు 80 శాతం సముద్రమే కావడం. నీరు నేలకన్నా నెమ్మదిగా వేడెక్కుతుంది.

ఉష్ణమండలంలో ఈ నాలుగు రుతువుల చట్రం సరిగ్గా అమరదు. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది జూన్ 21న కాదు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. జూన్ అయనాంతం నాడు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా, ఆరు డిగ్రీలు ఒరిగి ఉంటాడు. మేలో నేల పొడిగా, ఆకాశం తేటగా ఉండడం వల్ల ఎండ తీవ్రత అప్పుడే శిఖరానికి చేరుతుంది. ఆగస్టులో సూర్యుడు మళ్లీ నెత్తిమీదికి వచ్చినా మబ్బు అడ్డుపడుతుంది. అమెరికా క్యాలెండర్ 'వేసవి మొదలు' అనే రోజుకు మన వేసవి ముగియడంలో వింత లేదు.

## ఆరంభాన్ని ఎవరు ఎలా లెక్కిస్తారు

రుతువు ఏ రోజున మొదలైనట్టు అన్నదానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే సూత్రం లేదు. వాతావరణ శాస్త్రజ్ఞులు చాలాచోట్ల పూర్తి నెలలనే వాడతారు. ఉత్తరాన మార్చి, ఏప్రిల్, మే వసంతం, జూన్, జులై, ఆగస్టు వేసవి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సెప్టెంబరు 1న వసంతం, డిసెంబరు 1న వేసవి. 1780లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఏర్పడిన వాతావరణ సంఘం నాటి నుంచి ఈ మూడేసి నెలల విభజన వ్యాపించింది. దీని లాభం స్పష్టం. నెలవారీ ఉష్ణోగ్రత, వర్షపాతం సగటులను నేరుగా కలుపుకోవచ్చు, ఏ ఏడాదికి ఆ ఏడాది తేదీ జరగదు. టైమ్‌జోన్ తగాదా కూడా ఉండదు, ఎవరి గడియారంలో ఒకటో తేదీ వస్తే వారికి రుతువు మొదలు. నెల సగటులను పోల్చేవారికి ఇదే మేలైన పద్ధతి.

భారత వాతావరణ శాఖ ఈ విభజననూ యథాతథంగా తీసుకోలేదు. దాని లెక్కలో జనవరి, ఫిబ్రవరి శీతాకాలం, మార్చి నుంచి మే దాకా రుతుపవనాలకు ముందు కాలం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రుతుపవనాల అనంతర కాలం. దేశ వర్షపాతంలో సింహభాగం ఇచ్చే నాలుగు నెలలను విడగొట్టకుండా ఉంచడం ఇందులో కీలకం.

అయితే పట్టికలో జూన్ 1 అని ఉన్నంత మాత్రాన రుతుపవనాలు వచ్చినట్టు కాదు. కేరళ, లక్షద్వీప్, మంగళూరు ప్రాంతంలోని 14 కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల మే 10 తర్వాత వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ వర్షం పడాలి. దాంతోపాటు పడమటి గాలుల లోతు, వేగం, భూమి నుంచి అంతరిక్షంలోకి వెళ్లే ఉష్ణ వికిరణం నిర్ణీత పరిమితుల్లో ఉండాలి. అప్పుడే రాకను ప్రకటిస్తారు. కేరళకు సాధారణ తేదీ జూన్ 1 అయితే 2025లో మే 24నే వచ్చాయి. ఇక్కడ గడియారం మరో రూపంలో కనిపిస్తుంది. దేశమంతటా వర్షపాతాన్ని ఉదయం 8.30కు కొలుస్తారు, యూటీసీలో అది తెల్లవారుజాము 3 గంటలు. కాబట్టి జూన్ 1 వర్షపాతం అంటే మే 31 ఉదయం 8.30 నుంచి జూన్ 1 ఉదయం 8.30 దాకా కురిసింది. అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టుకున్నవారికి ఒక రోజు తేడా కనిపించేది ఇందుకే.

మన వానాకాలానికి దక్షిణార్ధగోళపు చలికాలంతో నేరుగా సంబంధం ఉంది. జూన్, జులైల్లో దక్షిణ హిందూ మహాసముద్రంలో, మారిషస్, రీయూనియన్ దీవులున్న వైపు, బలమైన అధిక పీడనం నిలుస్తుంది. అక్కడి గాలి ఉత్తరానికి సాగి ఆఫ్రికా తూర్పు తీరం వెంబడి భూమధ్యరేఖను దాటుతుంది. భూభ్రమణం దాన్ని కుడివైపు తిప్పడంతో నైరుతి గాలిగా మారి అరేబియా సముద్రపు తేమను మోసుకొస్తుంది. దక్షిణాన శీతాకాలం, ఉత్తరాన వేడెక్కిన నేల, ఈ రెండూ ఒకేసారి ఉంటేనే మనకు వాన.

## గడియారమే పండుగను మార్చిన దేశాలు

కొన్ని దేశాల్లో ఈ క్షణానికి, స్థానిక సమయానికి మధ్య ఉన్న లెక్క చట్టంలోకి, పండుగలోకి ఎక్కింది. అక్కడ నిమిషాల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ఇరాన్ కొత్త సంవత్సరం నౌరోజ్ మార్చి విషువత్తుతో ముడిపడింది. ఆ క్షణం టెహ్రాన్ సమయంలో మధ్యాహ్నం 12లోపు వస్తే ఆ రోజే సంవత్సరాది, దాటితే మరుసటి రోజు. 2024లో అది ఉదయం 6.36కు వచ్చింది కనుక మార్చి 20నే 1403వ సంవత్సరం మొదలైంది. 2025లో మధ్యాహ్నం 12.31కు వచ్చింది. ముప్పై ఒక్క నిమిషాల తేడాతో సంవత్సరాది మార్చి 21కి వెళ్లి, 1403కు 366 రోజులు దక్కాయి. లీపు సంవత్సరాన్ని అంకెల సూత్రంతో కాక ఆకాశాన్ని చూసి తేల్చే క్యాలెండర్ ఇది. అయితే ఆ చూపు టెహ్రాన్ గడియారం గుండానే.

జపాన్‌లో రెండు విషువత్తులూ జాతీయ సెలవులు. చట్టంలో తేదీ రాయలేదు. జాతీయ ఖగోళ పరిశోధనశాల లెక్కించి, అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో అధికార గెజెట్‌లో ప్రకటిస్తుంది. 2012 శరద్ విషువత్తు జపాన్ సమయంలో సెప్టెంబరు 22 రాత్రి 11.49కు పడింది. 2025లో మన దగ్గర పడినట్టే, అర్ధరాత్రికి పదకొండు నిమిషాల ముందు. ఫలితంగా 1896 తర్వాత మొదటిసారి ఆ సెలవు 22వ తేదీకి మారింది.

అన్నిటికన్నా పెద్ద తేడా వియత్నాంలో వచ్చింది. చైనా, వియత్నాంల చాంద్రమానానికి నియమాలు ఒకటే: డిసెంబరు అయనాంతం పడిన నెల పదకొండో నెల కావాలి. కానీ చైనా లెక్క యూటీసీకి 8 గంటల ముందున్న సమయంతో, వియత్నాం లెక్క 7 గంటల ముందున్న సమయంతో. 1984 అయనాంతం బీజింగ్‌లో డిసెంబరు 22 అర్ధరాత్రి దాటి 23 నిమిషాలకు, హనోయిలో 21 రాత్రి 11.23కు వచ్చింది. అమావాస్య రెండు చోట్లా 22నే. కొత్త నెల ఆ రోజే మొదలవుతుంది కనుక చైనాలో అయనాంతం కొత్త నెలలో పడింది, వియత్నాంలో పాత నెల చివరి రోజున పడింది. చైనా అంతకు ముందు నెలను అధికమాసంగా లెక్కించింది, వియత్నాంకు ఆ అవసరం రాలేదు. 1985లో వియత్నాం ప్రజలు కొత్త సంవత్సరాన్ని జనవరి 21న చేసుకుంటే చైనాలో ఫిబ్రవరి 20న వచ్చింది. ఒక్క గంట టైమ్‌జోన్ తేడా పండుగను నెల రోజులు విడదీసింది.

## పగలు, రాత్రి సమానమయ్యే రోజు అదేనా?

విషువత్తు నాడు పగలు, రాత్రి సరిగ్గా పన్నెండేసి గంటలు ఉంటాయన్నది తరచూ కనిపించే పొరపాటు. సూర్యోదయాన్ని సూర్యబింబం పై అంచు కనిపించినప్పుడు లెక్కిస్తారు, కేంద్రం కనిపించినప్పుడు కాదు. పైగా వాతావరణం కాంతిని వంచడం వల్ల క్షితిజానికి దిగువనున్న సూర్యుడు కూడా కనిపిస్తాడు. ఈ రెండూ కలిసి పగటికి కొన్ని నిమిషాలు చేరుస్తాయి. హైదరాబాద్‌లో ఆ చేర్పు దాదాపు ఏడు నిమిషాలు. మార్చిలో ఇక్కడ పగలు రోజుకు ఒక నిమిషం చొప్పున పెరుగుతుంది కనుక పగలు, రాత్రి సమానమయ్యేది విషువత్తుకు వారం ముందే, మార్చి 13, 14 ప్రాంతంలో. ఢిల్లీలో రోజువారీ పెరుగుదల ఎక్కువ కనుక నాలుగైదు రోజుల ముందు.

సిడ్నీలో దిశ తిరగబడుతుంది. అక్కడ మార్చిలో పగలు తగ్గుతూ ఉంటుంది కనుక సమానమయ్యేది విషువత్తు గడిచిన మూడు నాలుగు రోజులకు. భూమధ్యరేఖ మీద ఉన్న ఊళ్లలోనైతే పగలు ఏడాదంతా 12 గంటలకు ఆరేడు నిమిషాలు పైనే ఉంటుంది, సమానమయ్యే రోజే రాదు.

## పరదేశంలో పంచాంగం

తెలుగు పంచాంగంలో వసంత రుతువు చైత్ర వైశాఖాలు. ఉగాదితో మొదలవుతుంది. చాంద్రమానం కనుక ఆ తేదీ విషువత్తు చుట్టూ విస్తారంగా కదులుతుంది. 2026లో మార్చి 19, అధిక జ్యేష్ఠం చేరడంతో 2027లో ఏప్రిల్ 7. మకర సంక్రాంతి సౌరమానమే అయినా నిరయన పద్ధతిలో, అంటే నక్షత్రాల ఆధారంగా లెక్కిస్తారు. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల నక్షత్రాల లెక్క, రుతువుల లెక్క సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున విడిపోతూ వచ్చాయి. ఇప్పుడు ఆ ఎడం 24 డిగ్రీలు. అందుకే సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయితే సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో వస్తోంది.

సంక్రమణం కూడా ప్రపంచానికంతా ఒకే క్షణం. 2024లో దృక్ గణితం (ఆకాశంలో గ్రహాలు కనిపించే స్థానాలకు సరిపోయే లెక్క) ప్రకారం అది మన దగ్గర జనవరి 15 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, న్యూయార్క్‌లో జనవరి 14 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో జరిగింది. తిథుల ముగింపు వేళలూ ఇలాంటివే. కానీ ఆ తిథి ఏ రోజుకు చెందుతుందన్నది స్థానిక సూర్యోదయాన్ని బట్టి తేలుతుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. తెలుగు రాష్ట్రాల్లో అచ్చయిన పంచాంగంతో విదేశంలో తేదీ చూసుకునేవారు ఈ వరుస పాటించాలి:

1. పంచాంగంలోని తిథి ప్రారంభ, ముగింపు వేళలను స్థానిక సమయంలోకి మార్చాలి. న్యూయార్క్‌కు చలికాలంలో పదిన్నర గంటలు, వేసవి సమయం ఉన్నప్పుడు తొమ్మిదిన్నర గంటలు తీసేయాలి. సిడ్నీకి నాలుగున్నర, వేసవి సమయంలో ఐదున్నర గంటలు కలపాలి.
2. అమెరికాలో వేసవి సమయం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తుంది. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఉంటుంది. అందుకే న్యూయార్క్, సిడ్నీల మధ్య ఎడం ఏడాదిలో 16, 15, 14 గంటలుగా మారుతుంది. ఉగాది తరచూ ఈ 15 గంటల వారాల్లోనే పడుతుంది. ఫోన్‌లో పాత తేడా గుర్తుపెట్టుకుని లెక్కిస్తే గంట తప్పుతుంది.
3. మార్చిన వేళలను ఆ ఊరి సూర్యోదయంతో పోల్చాలి. సూర్యోదయానికి తిథి ఉన్న రోజునే తీసుకోవాలి. ఇది సాధారణ నియమం, కొన్ని వ్రతాలకు ప్రదోష (సూర్యాస్తమయ వేళ), నిశీథ (అర్ధరాత్రి వేళ) నియమాలు వేరుగా ఉన్నాయి.
4. రాహుకాలం, వర్జ్యం ఒకటే కోవకు చెందవు. రాహుకాలం స్థానిక పగటి నిడివిని ఎనిమిది భాగాలు చేసి లెక్కించేది, గంటలు మార్చుకుని వాడుకోవడానికి వీల్లేదు. కొత్తగా లెక్కించాలి. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి వచ్చేది కనుక తిథిలాగే గంటలు మార్చుకోవచ్చు.

మెల్‌బోర్న్‌లో ఉగాది సంకల్పంలో 'వసంత రుతౌ' అని చెబుతున్నప్పుడు బయట ఆకులు రాలే కాలం నడుస్తుంటుంది. పంచాంగం దృష్టిలో ఇది తప్పు కాదు. అక్కడ వసంతం అన్నది చైత్ర వైశాఖాలకు పెట్టిన పేరు, ఆ ఊరి వాతావరణానికి ఇచ్చిన వర్ణన కాదు. వేపపువ్వు తాజాగా దొరకక ఉగాది పచ్చడికి ఎండబెట్టిన పువ్వు తెప్పించుకోవలసి రావడం మాత్రం అర్ధగోళం తెచ్చిన తేడాయే.